మొక్కజొన్న పాకం నెత్తురు

కాల్డర్ ఫెర్రీ ఊళ్ళో ఆనెట్ టీచరును ఎరగనివాళ్ళు లేరు. రెండో తరగతి పిల్లలకు కూడికలూ తీసివేతలూ చెబుతూ జుట్టు నెరిసిపోయిన మనిషి. పెళ్ళయింది, విడాకులూ అయ్యాయి. బడిలో మాత్రం మొదటినుంచి చివరిదాకా మిస్ హూడక్కే. ఊళ్ళో సగంమందికి బూటు లేసు ముడివెయ్యడం ఆవిడే నేర్పింది. అటువంటి ఆనెట్ పందొమ్మిదేళ్ళ వయసులో ఈతబట్టలతో గొంతు చించుకుని అరుస్తూ పరుగెత్తి, చెరువుగట్టున పడవల షెడ్డులో కత్తిపోట్లకు బలైపోయిందన్న సంగతి ఊళ్ళో పాతవాళ్ళకు తెలుసు. బడిపిల్లలకు తెలియకుండా ఉండాలని ఆవిడ పడ్డ పాట్లు ఆవిడకే తెలుసు.

ఆ సినిమా పేరు ‘మూడో కూత’.

పిట్స్‌బర్గ్‌కు ఎగువన, నది పక్కన, ఉక్కు మిల్లు చుట్టూ పెరిగిన ఊరు అది. మిల్లు మూతపడ్డ మరుసటి వేసవిలో, 1983లో, వెండెల్ క్రాంట్జ్ అనే ఆయనకు సినిమా తీయాలన్న పిచ్చి పట్టింది. అప్పటిదాకా ఆయన తీసినవల్లా లోకల్ టీవీలో వచ్చే సోఫాల ప్రకటనలు. ఊరినిండా పనిలేని మగవాళ్ళు, పొద్దుగుంకితే ఎక్కడికి పోవాలో తోచని కుర్రకారు. కూలి ఇవ్వకపోయినా కూడు పెడితే చాలని వచ్చేవాళ్ళు కావలసినంతమంది దొరికారు. కథ కూడా ఊరి కథే. మూతపడ్డ మిల్లు సైరన్ ఉన్నట్టుండి దానంతటదే కూస్తుంది. మూడోసారి కూసేలోపల ఊళ్ళో ఒక కుర్రాడో కుర్రపిల్లో చావాలి. చంపేవాడు వెల్డింగ్ ముసుగు తగిలించుకున్న ఒక పొడుగాటి మనిషి. వాడెవడో, ఎందుకు చంపుతున్నాడో చివరిదాకా తేలదు. తేల్చడానికి ఫిల్ము మిగల్లేదని వెండెలే తరవాత ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో అటువంటి సినిమాలు వేసవిలో ఈగల్లా ముసిరేవి. ఊరిబయట, కార్లలో కూర్చునే సినిమా చూసే డ్రైవ్-ఇన్‌లో వారానికొకటి మారేది. ఆనెట్, ఆమె ప్రాణస్నేహితురాలు రాక్సాన్, ఇంకా వీధిలో ఉన్న పిల్లకాయలంతా రాక్సాన్ వాళ్ళ నాన్న ట్రక్కు వెనక తొట్టిలో దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్ళు. తెరమీద పిల్ల కొవ్వొత్తి పట్టుకుని నేలమాళిగలోకి దిగబోతుంటే కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించేవి. “దిగకే! ఒసే పిచ్చిమొహమా, దిగకే!” అని రాక్సాన్ ట్రక్కులో లేచి నిలబడి అరిచేది. అది దిగేది. దిగకపోతే సినిమా ఎక్కడిది? భయం ఎంతో నవ్వు అంత. దోమలు కుడుతుంటే పట్టించుకున్నవాళ్ళు లేరు. తరవాత వీడియో షాపులొచ్చాక అదే గుంపు క్యాసెట్ల అట్టలమీద బొమ్మలు చూసి ఎంచుకునేది. అట్టమీద ఉన్న భయంలో వీసమెత్తు లోపల ఉండేది కాదు. చీకట్లో తీసిన సినిమా, మసక టీవీ, ఎవడు ఎవణ్ణి పొడిచాడో దేవుడికే తెలియాలి. అయినా మరుసటి శనివారం మళ్ళీ ఆ షాపుకే.

అన్ని సినిమాలు అన్నిసార్లు చూసిన ఆనెట్, తాను ఉన్న సినిమాను మాత్రం ఒక్కసారే చూసింది. దానికి కారణం ఆమె తండ్రి ఎమిల్.

‘మూడో కూత’ డ్రైవ్-ఇన్‌కు వచ్చిన రోజు ఊరు ఊరంతా కార్లేసుకుని వెళ్ళింది. హూడక్‌ల కారులో ముందు సీట్లో ఎమిల్, లియోనా, వెనక ఆనెట్. పడవల షెడ్డు ఘట్టం మొదలయింది. తెరమీద ఆనెట్ తడిసిన ఈతబట్టలతో చెక్కలమీద పడి అరుస్తోంది. ఎమిల్ ఉన్నట్టుండి కారు తలుపు తెరిచి, దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. కాసేపటికి లియోనా కూడా దిగివెళ్ళింది. ఇద్దరూ సినిమా అయిపోయే వేళకు తిరిగివచ్చారు. ఆ తరవాత ఎమిల్ ఆ సినిమా ఊసెత్తితే ఒట్టు. ఆదివారం పూజ తప్పని మనిషి. ఊరందరి కళ్ళముందు కూతుర్ని ఆ బట్టల్లో చూసి తలెత్తుకోలేకపోయాడని ఆనెట్ అనుకుంది. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎమిల్ పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఆ ముల్లు మాత్రం ఆనెట్ లోపల అలాగే ఉండిపోయింది.

ఈ ఏడు వేసవిలో ఒకరోజు విన్స్ మాన్కూసో ఆమెను సూపర్ మార్కెట్లో టమాటాల దగ్గర పట్టుకున్నాడు. విన్స్ ఆమె మొదట్లో పాఠాలు చెప్పిన బ్యాచివాడు. ఇప్పుడు ఊళ్ళో మంటలార్పే దళంవాళ్ళ ఫైర్ హాలు వ్యవహారాలన్నీ అతని చేతిమీదే నడుస్తాయి. నోట్లో నువ్వుగింజ నానదు.

“మిస్ హూడక్, మీ సినిమా దొరికింది!” అన్నాడు చుట్టూ నలుగురూ వినేలా.

“ఏ సినిమా?” అంది ఆనెట్, తెలిసే.

“అదేనండీ, మూడో కూత! వెండెల్ గారు పోయాక వాళ్ళ చెల్లెలు గరాజ్ ఖాళీ చేస్తుంటే కుక్క తిండి డబ్బాల వెనక రీళ్ళు బయటపడ్డాయి. సిటీలో ఒకాయన శుభ్రం చేసి డిస్కులోకి ఎక్కించిచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం మన హాల్లో వేస్తున్నాం. కిటికీలకి నల్ల పట్టాలు కట్టిస్తున్నా. డ్వేన్ సైప్ కూడా వస్తున్నాడు. హంతకుడే వస్తుంటే చచ్చిన మీరు రాకపోతే ఎలాగండీ?”

“చచ్చినవాళ్ళు రారు విన్స్. చావంటే అదే కదా.”

“అలా అనకండి. ఆ సినిమా మీద నాకెంత హక్కుందో మీకు తెలీదు. నాకు పదకొండేళ్ళప్పుడు మా అన్నలు క్యాసెట్ తెచ్చి చూస్తుంటే సోఫా వెనకనించి తొంగి చూశాను. చూద్దును కదా, తెరమీద మీరు! మా మిస్ హూడక్‌ని చంపేస్తున్నారు బాబోయ్ అని ఇల్లు పీకి పందిరేశాను. మా అమ్మ మీకు ఫోన్ చేసి, మీ గొంతు నాకు వినిపించేదాకా ఏడుపాపలేదు.”

ఆ ఫోన్ ఆనెట్‌కు జ్ఞాపకమే. “హలో విన్సెంట్, నేను బాగానే ఉన్నాను, నువ్వు పడుకో” అని చెప్పి, ఫోన్ పెట్టేసి, సిగ్గుతో చచ్చిపోయింది.

“పోనీ, రాకపోతే రాకపోయారు, ఒక్క ముక్క చెప్పండి,” అని విన్స్ గొంతు తగ్గించాడు. “మిమ్మల్ని పొడిచే ముందు వాడు ఆగుతాడు చూడండి. ఆగి, మీ మొహంమీద పడ్డ జుట్టు చెవి వెనక్కి సర్దుతాడు. అంత కసాయివాడు అలా ఎందుకు చేస్తాడండీ? దీనిమీద మావాళ్ళం ఏళ్ళ తరబడి ఇంటర్నెట్‌లో కొట్టుకుచస్తున్నాం. వాడికో కూతురుండేదని, అది పోయిందని నా వాదన. కాదు, వాడికి మీమీద మనసని ఒహైయో వాడొకడు. నిజంగా భయమేసేది అక్కడేనండీ. పొడవడం దగ్గర కాదు, ఆ సర్దడం దగ్గర.”

ఆనెట్ టమాటాల వైపు తిరిగి నవ్వు దాచుకుంది. “ఎప్పటి మాటో విన్స్. నాకేం గుర్తుంటుంది?” అంది.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు. కింద వాటా లియోనాది, పైది ఆనెట్‌ది. లియోనాకు ఎనభై అయిదేళ్ళు. బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి. ఒకప్పుడు గుమ్మంలోంచి తల వంచి రావలసినంత పొడుగు. ఇప్పుడు కాస్త కుంగింది గానీ నోరు కుంగలేదు.

“వెళదాం,” అంది లియోనా వెంటనే.

“నీకెందుకమ్మా ఆ అరుపులూ ఆ నెత్తురూ?”

“ఆ నెత్తురు కాచిందెవరే? నేనా, మీ వెండెలా?”

అది నిజమే. సినిమా తీసిన ఆ వేసవంతా హూడక్‌ల పొయ్యిమీద నెత్తురు ఉడుకుతూనే ఉండేది. మొక్కజొన్న పాకం, ఎర్రరంగు, చిక్కదనానికి కాస్త కోకో పొడి. ఇల్లంతా మిఠాయి కొట్టు వాసన వేసేది. ఎమిల్ పెరట్లోంచి వచ్చి, గిన్నెలో వేలుముంచి నాకి, “ఇవాళ నెత్తురులో తీపి ఎక్కువైందోయ్” అనేవాడు. మిల్లు పోయాక ఆయన నవ్వింది ఆ వంటగదిలోనే. పాకం డబ్బాలు చెరువు దాకా మోసుకెళ్ళిందీ ఆయనే. బాధల్లా కందిరీగలతో. పూసిన నెత్తురు ఎండకు వేడెక్కగానే ఎక్కడెక్కడి కందిరీగలూ వచ్చి శవాలమీద వాలేవి. శవాలు లేచి చెరువులోకి దూకేవి. వెండెల్ నెత్తి కొట్టుకునేవాడు.

పడవల షెడ్డు ఘట్టం తీయవలసిన రోజున అసలు హంతకుడు మంచంమీద ఉన్నాడు. డ్వేన్ సైప్ అప్పటికి పెట్రోలు బంకులో పనిచేసే ఇరవయ్యేళ్ళ కుర్రాడు, తాటిచెట్టంత మనిషి. ముందురోజు అడవిలో మాటువేసే సన్నివేశం కోసం పొదలో దాక్కోమంటే, పోయి పోయి దురదతీగ పొదలో దాక్కున్నాడు. తెల్లారేసరికి మొహం గుమ్మడికాయ అయింది. కళ్ళు తెరుచుకోవడం లేదు. ముసుగు తలకు దూరదు. అద్దె కెమెరా మర్నాడు సిటీకి తిరిగి వెళ్ళిపోవాలి. వెండెల్ గట్టుమీద అటూ ఇటూ తిరుగుతూ, “మా బావమరిదికి వేద్దాం ముసుగు. వాడూ పొడుగే,” అన్నాడు. బావమరిది అప్పటికే పొద్దున్నుంచి బీరు తాగుతూ పడవమీద కూర్చుని ఉన్నాడు.

అప్పుడే లియోనా కారు దిగి, అందరికీ మధ్యాహ్నం తిండికని క్యాబేజీ ఆకుల్లో మాంసమూ అన్నమూ చుట్టి వండిన హలుప్కీ గిన్నె దింపుతోంది. ఆ మాట చెవిన పడింది. గిన్నె కింద పెట్టింది.

“వాడా? ఆ తాగుబోతు వెధవ కత్తి పట్టుకుని నా పిల్ల మీదకొస్తుంటే నేను చూస్తూ కూచోవాలా? ఇలా తే ఆ ముసుగు. నేనే పొడుస్తా!”

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాపి నిలబడింది. వెండెల్ ఆవిణ్ణి కింద నుంచి పైదాకా చూశాడు. డ్వేన్ అంత పొడుగు. భుజాలు కూడా సరిపోతాయి. పైగా ముసుగూ కోటూ ఆవిడ ఇంటివే. మిల్లు ఆఖరిరోజున ఎమిల్ తన వెల్డింగ్ ముసుగు ఇంటికి తెచ్చి గరాజ్‌లో మేకుకి తగిలించాడు. సినిమాకి అడిగితే, “తీసుకుపో వెండెల్, నాకింక దేనికి?” అని పాత తోలుకోటు కూడా కలిపి ఇచ్చేశాడు. ఆ కోటు మోచేతి దగ్గర అతుకు లియోనా వేసిందే.

కెమెరా తిరిగింది. చెక్కలమీద, తెడ్ల మధ్య, ఒళ్ళంతా పాకంతో ఆనెట్ పడుకుంది. గుమ్మంలో ముసుగు మనిషి కనిపించాడు. మెల్లగా ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చాడు. ఆనెట్ అరిచింది. తల్లి అని తెలిసినా, ఆ నల్ల అద్దం వెనక మొహం కనిపించకపోయేసరికి ఆ అరుపు నిజంగానే వచ్చింది. కత్తి లేచింది. లేచిన కత్తి అక్కడే ఆగింది. రెండో చెయ్యి కిందికి వచ్చి, కూతురి కళ్ళమీద పడ్డ తడిజుట్టును చెవి వెనక్కి తోసింది. ఆ తరవాత కత్తి దిగింది.

వెండెల్ కట్ చెప్పడం మరిచిపోయాడు. ముసుగు తీశాక, “ఏవిటమ్మా ఆ జుట్టు సర్దడం?” అని ఆనెట్ అడిగితే, “పాకం కళ్ళలోకి కారిపోతోంది కదే. నీకసలే చిన్నప్పటినించీ ఊరికే కళ్ళకలకలొస్తాయి,” అంది లియోనా, చెమట తుడుచుకుంటూ.

ఆవిడ పేరు తెరమీద వెయ్యలేదు. బడిపిల్లలకు అన్నం పెట్టే మనిషి కత్తి పట్టుకుని ఆడపిల్లని పొడిచిందని తెలిస్తే స్కూల్ బోర్డు పెద్దలు ఉద్యోగం ఊడబెరుకుతారని భయం. గట్టుమీద ఉన్నవాళ్ళతో పాటు డ్వేన్ కూడా ఎవరికీ చెప్పనని ఆవిడకు మాటిచ్చాడు.

ఆదివారం ఫైర్ హాలు నిండిపోయింది. వెనక బల్లలమీద బంగాళాదుంప కూరిన పిరోగీ కుడుముల పళ్ళేలు, పెద్ద కాఫీ డబ్బా. నల్ల పట్టాల అంచుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. సగంమంది నల్ల చొక్కాలు తొడుక్కున్న నడివయసు అభిమానులు. మిగతా సగం తమ తాతనో పిన్నినో తెరమీద చూసుకోవడానికి వచ్చిన ఊరివాళ్ళు. డ్వేన్ ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, ఆపరేషన్ చేసిన మోకాలు. లియోనాను చూడగానే కర్ర ఊతంతో కష్టపడి లేచి, టోపీ తీసి, “మిసెస్ హూడక్, బాగున్నారాండీ?” అన్నాడు.

“నా సంగతి సరే. ఒరేయ్ డ్వేన్, దురద తగ్గిందా?”

“ఇప్పటికీ తీగ కనబడితే రోడ్డు దాటి పోతానండీ.”

సినిమా మొదలయింది. ఎంత అధ్వానంగా ఉందో చూసి ఆనెట్ మొదట బిత్తరపోయింది. మైకు కర్ర పైనుంచి వేలాడుతూ కనిపిస్తోంది. రాత్రి అని చెప్పిన చోట ఎండ కాస్తోంది. ఒకే నీలం కారు ఊళ్ళో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది; అది వెండెల్ కారు. నల్ల చొక్కాలవాళ్ళకు డైలాగులన్నీ నోటికొచ్చు, తెరకన్నా ముందే అప్పజెబుతున్నారు. అయితే కాసేపటికి ఆనెట్ కథ చూడటం మానేసి ఊరిని చూడటం మొదలుపెట్టింది. మెయిన్ స్ట్రీట్ అంతా అలాగే ఉంది. బూట్ల కొట్టు, స్లొవాక్ క్లబ్బు మెట్లు, మూలమీద బేకరీ, దాని అద్దం వెనక రొట్టెలు. ఇప్పుడు అక్కడ ఉన్నది గడ్డి మొలిచిన ఖాళీ జాగా. “అదుగో మా తాత!” అని ఎవరో అరిచారు. తెరమీద బెంచీమీద కూచున్న ముసలాయన కెమెరా వైపు సూటిగా చూసి చెయ్యి ఊపాడు. హాలంతా తిరిగి చెయ్యి ఊపింది.

తరవాత రాక్సాన్ వచ్చింది. తెల్లనిక్కరు, నడుముకి ముడేసిన చొక్కా. సినిమాలో ఆఖరికి బతికి బయటపడేది ఆమె ఒక్కతే. బయటి బతుకులో రొమ్ము క్యాన్సర్ వచ్చి అందరికన్నా ముందు పోయింది. అడవిలో ప్రాణభయంతో పరుగెత్తవలసిన చోట రాక్సాన్‌కు నవ్వొచ్చేస్తోంది. పెదాలు బిగబట్టుకుని పరుగెత్తుతోంది. ఆ నవ్వు ఆనెట్‌కు తప్ప ఆ హాల్లో ఇంకెవరికీ అర్థంకాదు. “దిగకే పిచ్చిమొహమా,” అంది ఆనెట్ నోట్లోనే. కళ్ళు తుడుచుకుంది. లియోనా ఏమీ అడక్కుండా సంచీలోంచి రుమాలు తీసిచ్చింది.

పడవల షెడ్డు వచ్చేసరికి నల్ల చొక్కాలు కూడా నోళ్ళు మూసుకున్నాయి. ఆనెట్ గుప్పిళ్ళు బిగించి కూర్చుంది. ఇన్నేళ్ళు తన మనసులో ఆ ఘట్టమంటే ఈతబట్టల్లో తానూ, లేచిపోయిన తండ్రీ. ఇప్పుడు చూస్తే తనవంక చూడబుద్ధే కాలేదు. గుమ్మంలోంచి వస్తున్న మనిషినే చూసింది. బరువైన పళ్ళెం పట్టుకుని వచ్చినట్టు మోచేతులు కాస్త బయటికి పెట్టి నడిచే ఆ నడక బడి వంటగదిలో రోజూ చూసిందే. ఇంతమందికి ఇన్నేళ్ళుగా ఎలా తెలియలేదో! కోటు మోచేతికి అతుకు కనిపించింది. కత్తి లేచింది, ఆగింది. తడిజుట్టు చెవి వెనక్కి వెళ్ళింది.

సినిమా అయ్యాక చప్పట్లు చాలాసేపు మోగాయి. విన్స్ మైకు పట్టుకుని డ్వేన్ దగ్గరికి వెళ్ళాడు. అడుగుతాడనుకున్నదే అడిగాడు.

“డ్వేన్ గారూ, ఇంక మమ్మల్ని చంపకండి. ఆ జుట్టెందుకు సర్దారు?”

డ్వేన్ మైకు వంక చూశాడు. కర్ర వంక చూశాడు. తల తిప్పి లియోనా వంక చూశాడు. “నన్నడిగితే ఏం లాభం?” అన్నాడు.

“చెప్పెయ్యరా,” అంది లియోనా కూర్చున్న చోటునుంచి. “ఆ స్కూల్ బోర్డువాళ్ళంతా ఎప్పుడో పైకి పోయారు. నన్నింకేం పీకుతారు?”

“అది నేను కాదండీ,” అన్నాడు డ్వేన్ మైకులో. “ఆ షెడ్డులో ఉన్నది నేను కాదు. నేనింట్లో మొహానికి మందు రాసుకుని పడుకున్నా. ఎక్కడికెళ్ళినా ఆ సీనే మెచ్చుకుంటారు, థాంక్స్ అండీ అంటా, ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పుకుని నవ్వుకుంటా. ఆ ముసుగులో ఉన్నది మిసెస్ హూడక్.”

హాలు హాలంతా వెనక్కి తిరిగింది. లియోనా కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. విన్స్ నోరు తెరిచినవాడు మూయలేదు.

“మీరా? మాకు లంచ్‌లో బఠాణీలు వడ్డించిన మీరా?”

“బఠాణీలు పళ్ళెంలో వదిలేసేవాడివి కదూ! ఎవరితో పెట్టుకున్నావో ఇప్పటికి తెలిసిందా?”

ఆ నవ్వులకు కిటికీలకు కట్టిన పట్టాలు ఊడతాయా అనిపించింది. నవ్వు తగ్గాక విన్స్ ఆవిడ దగ్గరికి వచ్చి, మైకు పక్కన పెట్టేసి, చిన్నపిల్లాడిలా అడిగాడు. “మరి జుట్టెందుకు సర్దారండీ? వాడికి కూతురుండేదనేనా?”

“వాడికి ఉందో లేదో నాకేం తెలుసు? నాకుంది. పాకం కళ్ళలోకి పోతే దానికి కళ్ళకలకలొస్తాయి.”

“కళ్ళకలకా?” అన్నాడు విన్స్. “ఆ ఒహైయో వాడితో ఏళ్ళ తరబడి పోట్లాడానండీ,” అన్నాడు. ఆపైన వంగి, ఆవిణ్ణి గట్టిగా కావలించుకున్నాడు.

ఆ తరవాత తల్లీకూతుళ్ళను కుర్చీల్లోంచి కదలనిస్తే ఒట్టు. ఫొటోలు, సంతకాలు. ఒకప్పటి శిష్యులు ఆనెట్ చుట్టూ మూగి, “మిస్ హూడక్, ఎంత గట్టిగా అరిచారండీ!” అంటే, ఆవిడ మొదటిసారి సిగ్గుపడకుండా, “మిమ్మల్ని వరసలో నిలబెట్టడానికి అదే గొంతు పనికొచ్చింది,” అంది.

బయటికి వచ్చేసరికి ఎండ కాస్త వాలింది. ఆనెట్ తల్లిని కార్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తానూ ఎక్కి, తాళం తిప్పకుండా ఆగిపోయింది.

“నాన్న ఉంటే ఇవాళ కూడా లేచిపోయేవాడు,” అంది.

“ఎందుకు?”

“తెలీనట్టడుగుతావేం? నన్ను ఆ బట్టల్లో చూడలేకే కదా ఆవేళ అలా దిగిపోయాడు. నా మూలంగా సిగ్గుపడ్డాడు.”

లియోనా కూతురివంక ఎగాదిగా చూసింది. “సిగ్గా? మీ నాన్నా? ఎవరు చెప్పారే నీకు?”

“ఎవరు చెప్పాలి? నేను చూడలేదూ?”

“చూశావు, దిగడం చూశావు. ఎక్కడికెళ్ళాడో చూశావా? పాప్‌కార్న్ కొట్టు వెనక, చెత్తడబ్బాల పక్కన నిలబడి ఏడిచాడు మీ నాన్న. వెక్కివెక్కి ఏడిచాడు. మిల్లు మూసేసిన నాడు కూడా అలా ఏడవలేదు.”

ఆనెట్ తాళంమీంచి చెయ్యి తీసేసి తల్లి వైపు తిరిగింది.

“నేను వెతుక్కుంటూ పోయా. ‘ఏవిటిది ఎమిల్, అది పాకం, నువ్వు వేలు పెట్టి నాకిందే కదా! పొడిచింది నేను కదా!’ అన్నా. ‘అన్నీ తెలుసు లియోనా,’ అన్నాడు. ‘తెలిసినా తట్టుకోలేకపోతున్నా. అది నా ముసుగు. నా కోటు. నా పిల్లకి తిండి పెట్టడానికి రోజూ తగిలించుకున్న ముసుగది. అది తగిలించుకుని నేనే దాని మీదకి కత్తెత్తినట్టుంది’ అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను? నా స్కార్ఫిచ్చా, మొహం తుడుచుకున్నాడు.”

“ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెప్పొద్దన్నాడు. మగాడు కదా, పరువు. ఆయన పోయాక చెప్పొచ్చు, నిజమే. నువ్వడిగితే చెప్పేదాన్ని. ఎప్పుడైనా అడిగావా? నువ్వూ మీ నాన్నా ఒక్క పోత. లోపల ఏది పడితే అది అనుకోవడం, దాన్నే పట్టుకుని కూచోవడం.”

ఆనెట్ స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. డ్రైవ్-ఇన్‌కు ఆ సినిమా వచ్చిన ఏడు శరత్కాలంలో ఎమిల్ తనను టీచర్ల కాలేజీలో దింపడానికి వచ్చి, హాస్టల్ గది తలుపుకు వార్డెన్‌ను కూడా అడగకుండా ఇంత లావు ఇనప గొళ్ళెం బిగించిన సంగతి జ్ఞాపకం వచ్చింది. కిటికీ లాగి చూశాడు, మంచం కింద వంగి చూశాడు. కుర్రాళ్ళు రాకుండా కాపలా కడుతున్నాడని అప్పుడు ఆనెట్‌కు ఒళ్ళు మండింది. అయిదేళ్ళ పిల్లకు చెప్పినట్టు, “పడుకునే ముందు వేసుకో అమ్మా” అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ఆమె సమాధానం చెప్పలేదు. ఇప్పుడు కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారిపోయాయి. ఎందుకో పక్కనే నవ్వు కూడా వస్తోంది.

“మళ్ళీ చెప్పమ్మా,” అంది.

“ఏది?”

“నాన్న సంగతి. మొదటినుంచీ.”

లియోనా మళ్ళీ చెప్పింది. ఈసారి చెత్తడబ్బాల పక్కన సన్నగా వాన కూడా పడుతోంది. “ఇందాక వాన లేదు కదమ్మా,” అంటే, “ఉంది, నేను మరిచిపోయా. నువ్వు మధ్యలో అడ్డురాకు,” అంది. చెప్పడం పూర్తయ్యాక సంచీ ఒళ్ళోకి లాక్కుని, “ఇంక కారు తియ్యవే. అందరూ ఫొటోలంటూ మీదపడి నన్నొక్క పిరోగీ తిననివ్వలేదు. ఆకలి దంచేస్తోంది,” అంది.

నది అవతల చేపల సాండ్‌విచ్ అమ్మే చోట ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. లియోనా సాండ్‌విచ్ రెండు చేతులా పట్టుకుని తింటూ, అడక్కుండానే మూడోసారి అందుకుంది. ఈసారి ఎమిల్ ఏడుపు ఆపుకుని కొట్టు ముందుకు వెళ్ళి కూతురికని పాప్‌కార్న్ కూడా కొన్నాడు. కొని, కారు దాకా తెచ్చేలోపల దాన్నంతా తనే తినేశాడు. ఆనెట్ తన పళ్ళెంలో బంగాళాదుంప ముక్కలు తల్లి వైపు జరిపి, చెంపకు చెయ్యి ఆనించుకుని వింటూ కూర్చుంది.